ఆరడుగుల నేలకు అర్జీ

ఎవరు ఏ సంగతి చెప్పినా మా నాన్న యేసుదానం మొదట అడిగే మాట, "కాగితమేది?"

ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన చేతుల మీదుగా నడిచినవి కాగితాలే. భద్రాచలానికి కొంచెం ఎగువన, అడవి అంచున ఉంటుంది మా ఊరు రేగులగుంపు. ఆ ఊరికీ చుట్టూ ఉన్న పదకొండు గూడేలకూ నాన్న పోస్టుమన్. దారి ఉన్నంత దూరం సైకిలు, ఆ తర్వాత కాలినడక. ఉత్తరం చేతికిస్తే ఆయన పని అయిపోయేది కాదు. చదివి వినిపించాలి. కోయ ఇళ్ళ అరుగుల మీద కూర్చుని సర్కారు రాతను మామూలు మాటల్లోకి దించేవాడు.

"'మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది' అంటే ఏంది బావా?" అని ఇప్పలగూడెం కోయ పెద్ద దూలయ్య అడిగేవాడు.

"ఇంకా చూడలేదని."

"'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అంటే?"

"ఇంకొకాయన గూడ చూడడని."

ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్ళు. కానీ నాన్న నవ్వు నోటి వరకే. ఎక్కడో ఒక బల్ల దగ్గర ఒక మనిషి కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని పూర్తిగా చదివే రోజు వస్తుందని ఆయన లోపల గట్టిగా నమ్మేవాడు. ఆ నమ్మకమే లేకపోతే వానల్లో, బురదల్లో అన్ని కాగితాలు ఎందుకు మోస్తాడు?

రిటైరయ్యాక పొద్దున్నే చెంచురామయ్య టీ హోటలుకు చేరేవాడు. అక్కడికొచ్చే దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, ప్రభుత్వం చేసే ప్రతి పని మీదా ఒక తీర్పు చెప్పేవాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన కొత్తలో హోటల్లో రోజూ అదే గొడవ.

"బస్సులల్ల మగోళ్ళకు నిలబడే జాగ లేదు. ఊరికే ఇచ్చుడేంది?" అన్నాడు చెంచురామయ్య.

"మనల్ని ఆఫీసుల చుట్టు తిప్పుకునేది సర్కారే గద. తిప్పుకునేటోడే కిరాయి పెట్టుకోవాలె" అన్నాడు నాన్న. "నన్నడిగితే మగోళ్ళకు గూడ ఇయ్యాలె. టికెట్ బదులు అర్జీ చూపిస్తే చాలు."

ఆయన అసలు వాదన మాత్రం జయప్రకాశ్ గారితో. జయప్రకాశ్ గారి తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ అడవి పక్కన మిర్చి వేశాడు. ఇప్పుడు వాళ్ళ చేతిలో నలభై ఎకరాలు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనులు కానివాళ్ళు భూమి కొనడానికి వీల్లేదు. ఆ చట్టాన్ని మా వైపు 'వన్ సెవెంటీ' అంటారు. కాబట్టి ఆ నలభై ఎకరాల్లో చాలా భాగం కాగితాల మీద వాళ్ళ దగ్గర పనిచేసే గిరిజనుడు లాల్‌సింగ్ పేరున ఉంది. అది తెలియనివాడు ఊళ్ళో లేడు, ఆఫీసులోనూ లేడు.

మేము కూడా గిరిజనులం కాదు. మా తాత మిషను ఆసుపత్రిలో పనికి కుదిరి ఈ ఊరు వచ్చాడు. అయినా నాన్న ఆ చట్టం ఉండాల్సిందేననేవాడు.

"ఏమండీ పోస్టుమాస్టారూ, ఆ చట్టం వల్ల మీకూ సెంటు భూమి రాదు కదా. తీసేయమని మాతో పాటు మీరూ ఒక సంతకం పెట్టొచ్చుగా?" అన్నారు ఒకరోజు జయప్రకాశ్ గారు.

"తీసేస్తే మీకు లాల్‌సింగ్‌తోటి పని తీరుతది. లాల్‌సింగ్‌కు ఏం తీరుతది?"

హోటలంతా నవ్వింది. జయప్రకాశ్ గారూ నవ్వారు. "నలభై ఎకరాలున్నోణ్ణి, నాకే ఆ చట్టమంటే భయం లేదు. ఏమీ లేని మీకు దాని మీద అంత ప్రేమేంటండీ?"

"ఏం లేనోడు ఇంక దేన్ని నమ్ముకోవాలె సార్?"

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. కొన్నాళ్ళకు నిజంగానే నమ్ముకోవలసి వచ్చింది.

మా క్రైస్తవ సంఘం వాళ్ళ సమాధుల తోట వాగుకు అవతల ఉంది. ఒకప్పుడు అవతల అనే మాటకు అర్థం వాగు దాటాలని మాత్రమే. రాష్ట్రం విడిపోయిన ఏడాది, పోలవరం ముంపు కిందికి వస్తాయని ఆ ఒడ్డున ఉన్న ఊళ్ళను ఆంధ్రలో కలిపారు. నాన్న తిరిగే పదకొండు గూడేల్లో నాలుగు అటు పోయాయి. ఆ రోజు నుంచి ఆయన సైకిలు వాగు దగ్గర వెనక్కి తిరిగేది. ఇటు ఒడ్డున రాసిన ఉత్తరం అటు ఒడ్డుకు చేరాలంటే నాలుగు రోజులు చుట్టు తిరిగి రావాలి. నాన్న చేతిలో పెడితే పావుగంట.

కరోనా ఏడాదిలో మా అమ్మ విశ్రాంతమ్మ పోయింది. ట్రాలీ ఆటోలో పెట్టె ఎక్కించుకుని వాగు దాటబోతే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. పక్క రాష్ట్రానికి పాస్ కావాలన్నారు. ప్రతి ఆదివారం ఆ దారిన గుడికి నడిచిన మనిషి అమ్మ. ఎండలో రెండు గంటలు ఆపి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరికి నలుగురినే వెళ్ళనిచ్చారు. నేను ఆ నలుగురిలో లేను. పెట్టె వాగు దాటుతుంటే ఇవతలి గట్టు మీద నిలబడి చూశాను.

రెండేళ్ళకు పెద్ద వరద వచ్చింది. గోదావరి వాగులోకి ఎగదన్ని సమాధుల తోటను ముంచేసింది. నవంబరులో సమాధుల పండుగకు సున్నం బకెట్టు, బంతిపూలు పట్టుకుని వెళ్ళాం. సమాధులు లేవు. మోకాలి లోతు ఒండ్రు ఆరి, పగుళ్ళిచ్చి, అంతా చదునుగా ఉంది. నాన్న గడ్డపార తీసుకుని పొడుస్తూ తిరిగాడు. మట్టిలో దిగినప్పుడు ఒక చప్పుడు, కింద గచ్చు తగిలినప్పుడు ఇంకో చప్పుడు. అట్లా పొడుచుకుంటూ గంటసేపటికి ఒకచోట ఆగి, "మీ అమ్మ ఈడ ఉన్నది" అన్నాడు.

తెచ్చిన సున్నం ఎక్కడ వేయాలో తెలియలేదు. ఎండిన బురద మీదే వేశాం.

తిరిగి వచ్చేటప్పుడు వాగు మధ్యలో ఆగి నాన్న అన్నాడు: "మన ఒడ్డున జాగ అడుగుత బిడ్డా. నలభై ఇండ్లోళ్ళం ఉన్నం. చచ్చినోళ్ళను గిట్ల వెతుక్కునుడు ఇంక వద్దు."

అంతకుముందే మా ఊరికి వైకుంఠధామం కట్టారు. రేకుల కప్పు, కాల్చడానికి రెండు గద్దెలు, నల్లా, అన్నీ బాగానే ఉన్నాయి. నాన్న గ్రామసభలో లేచి, "మంచి పని చేసిండ్రు సార్. పూడ్చుకునేటోళ్ళ సంగతి ఏంది?" అని అడిగితే, "అది ఎస్టిమేట్‌లో లేదు" అన్నారు. ఆ జవాబును ఆయన ఏడాదిపాటు హోటల్లో చెప్పుకున్నాడు. "మన చావు ఎస్టిమేట్‌లో లేదంట చెంచురామయ్యా. ఇంకో టీ పొయ్యి."

జాగ ఇస్తానని ముందుకొచ్చింది దూలయ్య. ఇప్పలగూడెం పక్కన ఎంత వరదకైనా మునగని మిట్ట ఒకటుంది. తమలో పెద్దవాళ్ళు పోయినప్పుడు కోయవాళ్ళు అక్కడ నిలువు రాయి పాతుతారు. తరాల నాటి రాళ్ళు, కొన్ని మనిషెత్తు, కొన్ని మోకాలెత్తు. మిట్టకు ఒక పక్క ఖాళీగా ఉంది.

"ఆడ పెట్టుకోండ్రి బావా. మా పెద్దలకు గూడ తోడుంటరు. ఎవడు అడుగుతడు?" అన్నాడు దూలయ్య.

"కాగితం లేకుంట ఎట్ల?"

"మా తాతను పెట్టినప్పుడు కాగితం నువ్వు తెచ్చినవా?"

చంద్రుగొండలో టీచరుగా పనిచేస్తున్న నేను ఆ వారం ఇంటికి వచ్చి ఉన్నాను. నేనూ చెప్పి చూశాను. "నాయినా, ఇచ్చేవాళ్ళు ఇస్తమంటున్నరు, తీసుకో. రాసి అడిగితే వద్దనడం వాళ్ళకు తేలిక."

నాన్న ఒప్పుకోలేదు. "దూలయ్య ఉన్నన్ని రోజులు దూలయ్య మాట. ఆయన పోయినంక ఎవడో వచ్చి ఈ సమాధులెవరివి, తవ్వి పారెయ్యండి అంటే? ఇంకొకటి బిడ్డా. జయప్రకాశ్ సారు లాల్‌సింగ్ చాటున ఉన్నడు. నేను దూలయ్య చాటున ఉంటే ఆయనకూ నాకూ తేడా ఏంది? ఆయనను నేను ఏం మొఖం పెట్టుకుని అడగాలె?"

తీర్మానం రాయడానికి కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

గ్రామసభ పెట్టించాడు. తీర్మానం తనే రాశాడు. ఆ మిట్ట ఇప్పలగూడెం వాళ్ళదనీ, అందులో ఒక పక్క పది గుంటల నేల, అంటే పావెకరం, సమాధులకు వాడుకోవడానికి వాళ్ళు సమ్మతించారనీ, భూమి హక్కు మాత్రం వాళ్ళదేననీ స్పష్టంగా రాశాడు. మొదటి వేలిముద్ర దూలయ్యది. భద్రాచలంలో ఉన్న పెద్ద ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపాడు. చేరినట్టు రసీదు కార్డు తిరిగొచ్చిన రోజు దాన్ని హోటల్లో అందరికీ చూపించాడు.

మూడు నెలలకు మనుషులు వచ్చారు. ముందు ఒక శాఖ వాళ్ళు వచ్చి కొలిచి, ఇది అడవి కిందికి వస్తుందన్నారు. తర్వాత ఇంకో శాఖ వాళ్ళు వచ్చి కొలిచి, కాదు, ఇది మా భూమి అన్నారు. వాళ్ళ తగాదా తేలేదాకా అని మిట్ట మీద ఒక రేకు బోర్డు పాతారు. 'ఈ స్థలము విచారణలో ఉన్నది. ఎవరూ ప్రవేశించరాదు.'

ఆ బోర్డు పాతింది ఖాళీ పక్కన కాదు, రాళ్ళ నడుమ.

ఆ ఎండాకాలం దూలయ్య వదిన పోయింది. ఆమెకు రాయి నిలబెట్టడానికి వెళ్తే కాపలా మనిషి అడ్డు చెప్పాడు. విచారణ అయ్యేదాకా కొత్త రాయి పాతొద్దన్నాడు. మర్నాడు దూలయ్య హోటలుకు వచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేదని నాన్న తర్వాత నాతో అన్నాడు.

"బావా, నువ్వు అడగకముందు ఆ మిట్ట మాది. నువ్వు అడిగినంక ఎవలదో తెల్వకుంట పోయింది."

నాన్న ముందున్న టీ చల్లారిపోయింది. చెంచురామయ్య తీసుకెళ్ళి పారబోశాడు.

అప్పటి నుంచి నాన్న సోమవారాలన్నీ భద్రాచలంలోనే. సోమవారం ఆఫీసులో జనం గోడు వింటారు. నాన్నది ఇప్పుడు రెండు అర్జీలు. మా సమాధుల జాగ ఒకటి, దూలయ్య వాళ్ళ మిట్ట వాళ్ళకు వదలమని ఇంకొకటి. రెండోదే ముందు ఇచ్చేవాడు. సర్పంచుల పదవీకాలం అయిపోయింది. పంచాయతీకి ప్రత్యేకాధికారి వచ్చాడు. ఆయన చేతిలో ఆరు ఊళ్ళు, మా ఊరి పేరు ఆయనకు గుర్తుండేది కాదు. పెద్ద ఆఫీసులో ఒక అధికారి ఫైలు చదివి, "మీ మాట న్యాయమే పెద్దాయనా" అన్నాడట. నాన్న సంబరంగా నాకు ఫోన్ చేశాడు. పదిహేను రోజులకు ఆయన బదిలీ అయ్యాడు.

హోటల్లో ఇప్పుడు నాన్న పత్రిక చదవడం మానేశాడు. ఎవరైనా ప్రభుత్వం సంగతి ఎత్తితే, "అన్నీ మంచివే. అన్నిటికీ ఎస్టిమేట్ ఉంటది" అని లేచి వెళ్ళిపోయేవాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఖమ్మం దవాఖానాలో రెండుసార్లు తీశారు. రెండోసారి ఇంటికి వచ్చాక నన్ను పిలిచి చెప్పాడు.

"కాగితం రాకుంటే నన్ను మిట్ట మీద పెట్టకు. మీ అమ్మ పక్కనే పెట్టు, బురదైతే బురదే. నన్ను ఆక్రమణదారు అని రాసుకునే మోకా వాళ్ళకియ్యకు."

సరేనన్నాను.

నిరుడు జూలై చివర, శనివారం పొద్దున్నే ఆయన పోయాడు. వారం నుంచి వాన. గోదావరి రెండో హెచ్చరిక దాటి ఇంకా పెరుగుతోంది. వాగు మీది వంతెన కనిపించడం లేదు, అవతలి ఒడ్డూ కనిపించడం లేదు. అమ్మ ఉన్న చోట ఎంత నీరుందో ఎవరికీ తెలియదు. కరెంటు లేదు, ఐస్ పెట్టె తెద్దామంటే దారి లేదు. మా పాస్టరు షాలేమ్‌రాజు గారు వచ్చి చూసి, "స్తుతమ్మా, రేపు మధ్యాహ్నం దాటితే కష్టం తల్లీ" అన్నారు.

సాయంత్రం జయప్రకాశ్ గారు గొడుగేసుకుని వచ్చారు. నాన్న పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "అమ్మా, మా చేలో బోరు దగ్గర మెరక. నీళ్ళు రావు. మాస్టారికి ఆ మాత్రం చోటు ఇవ్వలేమా?" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిజమే. ఆ మాట మనసారా అన్నదే.

"లాల్‌సింగన్నను అడగాలె కదండీ" అన్నాను.

ఆ దుఃఖంలో అంత మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు. జయప్రకాశ్ గారు తల వంచుకున్నారు. వెళ్ళేటప్పుడు గొడుగు మా గుమ్మం దగ్గరే మర్చిపోయారు.

ఆదివారం తెల్లవారాక దూలయ్య వచ్చాడు. వెంట నలుగురు, భుజాన పారలు, ఒళ్ళంతా బురద. ఎక్కడి నుంచి వస్తున్నారో అడగక్కర్లేదు.

"తవ్వినం బిడ్డా. రాయి తగిలింది, అందుకే ఆలస్యమైంది."

"మామా, కాగితం లేకుంట ఆడ పెట్టొద్దన్నడు నాయిన. నేను మాటిచ్చిన."

"నాకెరుకే. నాకు గూడ చెప్పిండు." దూలయ్య పార కింద పెట్టాడు. "నువ్వు మమ్మల్ని అడిగినవా? లేదు. ఆయన అడిగిండా ఇప్పుడు? లేదు. మేము పెడుతున్నం. మా చోటు, మా మనిషి. రాసుకునేటోడు దూలయ్య పేరు రాసుకోని."

నేను పాస్టరు గారి వైపు చూశాను. ఆయన బైబిలును పాలిథిన్ కవర్లో చుట్టుకుంటున్నారు.

మిట్ట మీద రేకు బోర్డు వానకు వంగి పడిపోయి ఉంది. గుంట అంచున మట్టి జారుతుంటే దూలయ్య కొడుకులు ఆ బోర్డు తెచ్చి అడ్డంగా పరిచారు. పెట్టె దించినవాళ్ళు దాని మీదే నిలబడ్డారు. పాట పాడాం. వానలో మా గొంతులు మాకే వినపడలేదు. సిలువ పెడదామంటే ఎవరో టేకు కొమ్మ అన్నారు. "టేకు వద్దురా, దానికి ఇంకో కేసు" అన్నాడు దూలయ్య. ఆ మాటకు నాన్న ఉంటే అందరికంటే ముందు నవ్వేవాడు. నీళ్ళు తగ్గాక, అడ్డు చెప్పే మనిషి రాకముందే, తన వదిన కోసం తెచ్చి పక్కన పడేసిన రాయిని దూలయ్య నాన్న తల దగ్గర నిలబెట్టాడు. ఆమెకు ఇంకా రాయి లేదు.

నెలన్నర గడిచింది. ఇల్లు సర్దడానికి వచ్చిన రోజు, పోస్టాఫీసులో నాన్న స్థానంలో పనిచేస్తున్న దీపిక వాకిట్లో స్కూటీ ఆపింది. చేతిలో రిజిస్టరు కవరు. మీద పెద్ద ఆఫీసు ముద్ర, కింద నాన్న పేరు.

"అక్కా, నువ్వు సంతకం పెట్టి తీసుకో. ఎవలు అడుగుతరు?" అంది.

కవరు పలచగా ఉంది. లోపల ఒక కాగితమో, రెండో. జాగ ఇచ్చారేమో, ఇవ్వలేదేమో. మిట్ట దూలయ్య వాళ్ళకు వదిలారేమో. లేక అదీ ఒక పరిశీలనేనేమో. ఎండకు ఎత్తి చూశాను. ఏమీ కనిపించలేదు.

చనిపోయినవాళ్ళ పేరున రిజిస్టరు కవరు వస్తే నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కొడుకులు బతిమాలినా, "నీ పేరున వస్తే నీకు ఇస్త" అని, కవరు మీద సంగతి రాసి తిప్పి పంపేవాడు. ఆ పని చేసి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. కానీ ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఆయనకు ఇచ్చిన మాట అప్పటికే ఒకటి తప్పింది.

"తిప్పి పంపు దీపికా" అన్నాను.

"లోపల మంచి వార్తుంటే?"

"ఆయనకు చెప్పుకునేదిగా ఉంటే ఆయనున్నప్పుడే రాసేవాళ్ళు."

దీపిక స్కూటీ సీటు మీద కవరు పెట్టుకుని, 'చిరునామాదారు మరణించినారు' అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, అచ్చం నాన్న రాతలా ఉన్నాయి. పని నేర్పింది ఆయనే.

సోమవారం నేను భద్రాచలం వెళ్ళాను. నాన్న రెండు అర్జీలను నా పేరున మళ్ళీ రాసుకుని, దూలయ్యది పైన పెట్టాను. కింద ఉన్న సమాధుల అర్జీలో దాచకుండా రాశాను: ఆ మిట్ట మీద మా నాన్న యేసుదానం ఉన్నాడు, దారి లేక పెట్టాం, వరదలో ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం మా దగ్గర లేదు. గుమాస్తా చదవలేదు.

"అర్జీదారు చనిపోతే పాత ఫైలు మూసేస్తమమ్మా. ఇది కొత్తది కింద లెక్క. మళ్ళ సర్వే కావాలె."

"మొన్న ఆయన పేరున పంపిన కవర్లో ఏముంది సార్?"

"అది తిరిగొస్తే చూడాలె. వచ్చే సోమవారం రండి."

బస్సులో కూర్చోవడానికి చోటు లేదు. అందరూ ఆడవాళ్ళే, సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో మడతపెట్టిన కాగితాలు. కండక్టరు మిషన్ నుంచి జీరో టికెట్ లాగి నా చేతికి ఇచ్చింది. తిప్పుకునేవాడే కిరాయి పెట్టుకోవాలన్నాడు నాన్న. ఆ ఒక్కటి మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది. టికెట్‌ను అర్జీ నకలుకు గుండుసూదితో గుచ్చి సంచిలో పెట్టుకున్నాను.